కండక్టరు అంజనప్ప టిఫిన్ సెంటర్

"ముందుకు జరగండప్పా, ముందుకు జరగండి. లోపల ఖాళీగా ఉండాది!"

రెండు చేతుల్లో ఇడ్లీ ప్లేట్లు పైకెత్తి పట్టుకుని, అంజనప్ప బల్లల మధ్య పక్కకు తిరిగి నడుస్తున్నాడు. అంత ఇరుకేమీ లేదక్కడ. కానీ ధర్మవరం–హిందూపురం ప్రైవేటు బస్సులో ముప్ఫై ఏళ్లు కండక్టరుగా తిరిగిన మనిషికి నేరుగా నడిచే అలవాటు పోయింది. తోలుసంచి మోసీ మోసీ ఎడమ భుజం కిందికి జారిపోయింది. ఖాళీగా నిలబడ్డా, కుదుపు వస్తుందేమోనన్నట్టు కాళ్లు ఎడంగా పెట్టుకునేవాడు.

యజమాని బస్సు అమ్మేశాక పెనుకొండలో, కార్ల ఫ్యాక్టరీకి పోయే రోడ్డు పక్కన, ఈ టిఫిన్ సెంటర్ పెట్టాడు. చేతిలో డబ్బు పెద్దగా లేదు. కానీ ఎక్కి దిగిన ముఖాలన్నీ గుర్తున్నాయి. ఎప్పుడూ వెనక సీట్లో నిద్రపోయే ఆసామి గది ఇచ్చాడు. బస్సు టాపు మీద మూటలేసుకొచ్చే నల్లమాడ సుబ్బన్న చట్నీకి వేరుశనగ విత్తనాలు పంపాడు. మడకశిర నుంచి చింతపండు వచ్చింది. తన వ్యాపారమంతా ఆ ముఖాల మీదే నిలబడి ఉందని అంజనప్ప నమ్మకం. చీకటితోనే పొయ్యి దగ్గర కూర్చునే భార్య సుంకమ్మ ఈ సంగతి మీద ఎప్పుడూ ఏమీ అనలేదు.

ఆ ఉదయం అల్లుడు మురళి మామను పక్కకు పిలిచాడు.

"మామా, ఫ్యాక్టరీ నుంచి క్యాంటీన్ మేడమ్ వస్తాంది. ఇడ్లీ బాగుంటే అందరికీ పొద్దున టిఫిను మనమే పంపేది. నీకు దండం పెడతా, నోరు మాత్రం తెరవొద్దు."

"నేనేం మాట్లాడతానప్పా?" అన్నాడు అంజనప్ప, నొచ్చుకుని.

మేడమ్ వచ్చింది. పేరు పద్మజ. మెడలో గుర్తింపు కార్డు, నవ్వు లేని ముఖం. అంజనప్ప పెదవులు బిగించి నిలబడ్డాడు. గుమ్మానికి అడ్డంగా ఎవరో నిలబడ్డా ‘ముందుకు జరగండి’ అనకుండా ఆపుకున్నాడు. కానీ ఆమె ముందు ప్లేటు పెట్టేటప్పుడు నాలుక జారింది.

"యాడ దిగాలమ్మా?"

మురళి కళ్లు మూసుకున్నాడు. పద్మజ తలెత్తి చూసింది.

"నువ్వు హిందూపురం బస్సు కండక్టరు గదా?"

అంజనప్ప ముఖం వెలిగిపోయింది. చూశావా అన్నట్టు అల్లుడి వైపు చూశాడు.

"కోడికి టిక్కెట్టు తీసుకోలేదని నా చిన్నప్పుడు నన్నూ, మా అవ్వనూ సోమందేపల్లి క్రాసులో దించేస్తివి. ఎండలో."

మురళి బియ్యం మూట మీద కూలబడ్డాడు.

"కోడి సీట్లో కూచోనుండె తల్లీ! కిటికీ పక్క సీట్లో!"

"మా అవ్వ పోయేదాకా నిన్ను తిట్టుకుంటానే ఉండె."

లోపలి నుంచి సుంకమ్మ వచ్చింది. పొగలు కక్కే ఇడ్లీలు ఇంకో రెండు వేసి, పక్కనే వేరుశనగ చట్నీ పోసింది.

"తిట్టనీలే తల్లీ. నేనూ దినామూ తిడతానే ఉండా. నువ్వు తిను, ఆరిపోతాది."

పద్మజ తిన్నది. మళ్లీ వేయించుకుంది. చట్నీ వేలితో తుడుచుకుని తిన్నది. చేయి కడుక్కొచ్చి మురళితో అంది.

"సోమవారం నుంచి పంపండి. ఆయమ్మ చేతి రుచి చూసి ఇస్తాండా, ఈయన మొగం చూసి కాదు. రేపు పొద్దున వస్తా, మిగతావి మాట్లాడుకుందాం."

మధ్యాహ్నం జనం పలచబడ్డాక అంజనప్ప పొయ్యి దగ్గరికి పోయాడు.

"సుంకీ, నీ ఇడ్లీ అంత బాగుంటాదా?"

"నువ్వెప్పుడు కుదురుగా తింటివి? ఒక చేత్తో తింటా, ఇంకో చేత్తో జనాలను పిలుస్తాంటివి."

ఆ రోజు కూర్చుని తిన్నాడు. నములుతూ, ఎవరినో కొత్తగా పరిచయం చేసుకుంటున్నవాడిలా ఆమెను చూశాడు.

"బాగుండాది," అన్నాడు.

"ఇన్నేండ్లకా!" అని సుంకమ్మ నవ్వు దాచుకోవడానికి గిన్నె వైపు తిరిగింది.

తిని లేచి, భుజం మీది తువ్వాలు తీసి కిటికీ పక్క బల్ల మీద పరిచాడు. "రేపు ఆ పాపకు సీటు పట్టి పెట్టాల. ఈ తూరి యాడా దించేది లేదు," అని గోడవారగా చాప మీద పడుకున్నాడు. సాయంత్రం టీకి సుంకమ్మ పిలిస్తే లేవలేదు. నిద్రలోనే గుండె ఆగిందన్నాడు డాక్టరు.

ధర్మవరం నుంచీ హిందూపురం నుంచీ వచ్చిన జనంతో వీధి నిండిపోయింది. ఎవరు బంధువులో, ఎవరు ప్రయాణికులో మురళికి తెలియలేదు. పద్మజ కూడా వచ్చి, సుంకమ్మ చేయి పట్టుకుని కాసేపు కూర్చుంది.

కర్మలయ్యాక సుంకమ్మ మళ్లీ పొయ్యి వెలిగించింది. మొదటి వాయి ఫ్యాక్టరీకి వెళ్లింది. బల్లలన్నీ నిండాయి, చోటు లేనివాళ్లు నిలబడి తింటున్నారు. కిటికీ పక్క బల్ల మీద మాత్రం, అంచు కాస్త పోగులు లేచిన గళ్ల తువ్వాలు పరిచినది పరిచినట్టే ఉంది.