సంతకం కింద గీత

కారెక్కగానే మాజీ మంత్రి కవరు చించి ఉత్తరం చూశాడు. ఒళ్ళు మండిపోయింది.

"వెధవ! నా సంచీ మోసినవాడు! నాకే టోపీ పెడతాడా?"

పక్కన భార్య ఎక్స్‌రేల కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గుండె ఆపరేషన్‌కి పెద్దాసుపత్రిలో ఆవిడకు మంచం దొరకాలి. ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుందని డాక్టరు తెగేసి చెప్పాడు. అందుకే ఈయన సిగ్గు చంపుకుని, ఇప్పుడు మంత్రిగా వెలుగుతున్న పాత శిష్యుడి వరండాలో రెండు గంటలు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. పదిహేనేళ్ళు జనాన్ని అలా కూర్చోబెట్టిన మహానుభావుడికి, నడుం ఎక్కడ పట్టేస్తుందో ఇవాళే తెలిసింది.

"ఉత్తరం ఇచ్చాడుగా, ఇంకేమిటండీ?"

"ఇచ్చాడు, నా తలకాయ! సంతకం కింద గీత ఏది? గీత ఉంటేనే ఆఫీసర్లు పని చేస్తారు. లేకపోతే చెత్తబుట్టలోకే. అడిగినవాడికల్లా ఉత్తరం ఇవ్వాలి, పని మాత్రం మనవాళ్ళకే జరగాలి. ఈ కిటుకు కనిపెట్టింది నేను! వాడికి నేర్పింది నేను!"

నోరు జారానన్న స్పృహ కూడా లేదాయనకు. పదవి పోయాక మొహం చాటేసిన వాళ్ళందరినీ పేరుపేరునా ఏకిపారేశాడు. జనం కోసం అరిగిపోయానన్నాడు. విశ్వాసం లేని లోకమన్నాడు. ఎంత సిగ్గులేని నాలుకో!

ఆవిడ అంతా విని, ఒక్కటే అడిగింది.

"మా తమ్ముడి ఉత్తరానికి గీత పెట్టారా?"

ఆయన ఉత్తరం మడతలు పెట్టడం మొదలెట్టాడు. బావమరిది ఓ ఎన్నికల్లో అవతలి పార్టీ జెండా పట్టుకున్నాడు. తర్వాత కిడ్నీలు పాడైనప్పుడు, ఈ బావగారిచ్చిన ఉత్తరం జేబులో పెట్టుకుని అదే ఆసుపత్రి చుట్టూ నాలుగు నెలలు కాళ్ళరిగేలా తిరిగాడు. మంచం దొరక్కుండానే పోయాడు. "బావ చెయ్యాల్సింది చేశాడులే అక్కా" అని ఆవిడకే సర్దిచెప్పి మరీ పోయాడు.

"మాట్లాడరేం?"

"అప్పటి పరిస్థితి వేరు. నీకు రాజకీయం తెలీదు."

"కారాపు బాబూ" అంది డ్రైవరుతో. భర్త చేతిలోని ఉత్తరం లాక్కుని కిందికి దిగింది. ఆయన కంగారుగా తలుపు దగ్గరికి జరిగాడు.

"ఎక్కడికే, ఈ ఒంటితో?"

"ఆసుపత్రికి. వాడు నిలబడ్డ వరసలోనే నిలబడతాను. మీరు రాకండి. నేను పోయినా రాకండి!"

తలుపు ఆయన మొహం మీదే ధడాలున మూసుకుంది.