అస్తరు లోపలి డబ్బు

మనవరాలు బడి నుంచి తెచ్చిన కాగితం మూడు రోజులుగా కత్తెర కిందే ఉంది. పదో తరగతి పిల్లలకు శనివారం సాయంత్రాలు డబ్బు సంగతులు నేర్పుతారట. ఇంట్లోవాళ్లు సంతకం పెడితేనే చేర్చుకుంటారు. రేపటితో గడువు సరి.

శనివారాలంటే ఆ ఇంట్లో కాజాల రోజులు. ముందు గదే దుకాణం. కొడుకు మిషను మీద కుడితే, నానమ్మా మనవరాలూ కిటికీ దగ్గర కూర్చుని కాజాలు తీసి గుండీలు కుడతారు.

"సంతకం పెట్టు నాన్నా," అంది మనవరాలు ఆ గురువారం సాయంత్రం.

"మన దగ్గరున్న దానికి క్లాసెందుకే? చిన్న డబ్బా చాలు."

"డబ్బాలో ఎందుకు పెట్టకూడదో అక్కడే చెప్తారు. పోయిన శనివారం మొదటి క్లాసుకి అందర్నీ రానిచ్చారు. డబ్బు ఎక్కడ దాచినా ఇంట్లో ఇంకొకరికి తెలిసుండాలంది టీచర్."

కొడుకు మిషను ఆపాడు. "మీ తాతకి లెక్కలన్నీ నోటిమీదే ఉండేవి. ఏం మిగిల్చాడు? నా పదో తరగతి పరీక్ష ఫీజు దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేశాడు. దాచిందేమైందంటే ఖర్చయిపోయిందన్నాడు. నన్ను తెచ్చి ఈ స్టూలు మీద కూర్చోబెట్టాడు."

ఈ మాట నానమ్మ ఎన్నిసార్లు విందో లెక్కలేదు. విన్నప్పుడల్లా తల ఇంకాస్త వంచుకుని గుండీ కుట్టేది. ఇవాళ మాత్రం మనవరాలు ముఖం మాడ్చుకుని కాగితం మడుస్తుంటే చూసింది. సూదిని దారపుండకు గుచ్చి పక్కన పెట్టింది.

"ఖర్చవలేదురా," అంది.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"మీ నాన్నకి బ్యాంకు గడప తొక్కాలంటే బెరుకు. చేతికి సుద్ద, చొక్కాకి దారప్పోగులు. మనం ఇస్త్రీ బట్టలు కుట్టేవాళ్లమే గాని కట్టుకునేవాళ్లమా అనేవాడు. ఎవరో కోటు కుట్టించుకుని తీసుకెళ్లడానికి రాలేదు. రెండేళ్లు చూసి, దాని లోపలి అస్తరు గుడ్డ విప్పి నెలనెలా నోట్లు పరిచి మళ్లీ కుట్టేసేవాడు. ఉబ్బెత్తు కనబడకుండా కుట్టడం ఆయనకి చేతనయినట్టు ఇంకెవరికవుతుంది? పాత కోటుని దొంగ కూడా ముట్టుకోడనుకున్నాడు. ఇవ్వొద్దని చీటీ రాసి పిన్ను పెట్టాడు. ఆరేళ్లు. నాతో కూడా చెప్పలేదు."

"మరి?" అంది మనవరాలు.

"ఒకరోజు ఆయన దారం కొనడానికి వెళ్లాడు. ఆ కోటు మనిషి పాత రసీదు పట్టుకుని వచ్చాడు. రెడీ అయిన బట్టలకే చీటీ పెడతాం కదా, అదీ అలాంటిదే అనుకున్నాను. అప్పుడు నాకు చదువేదీ? కాగితంలో చుట్టి ఇచ్చేశాను. కూలి కాస్త తగ్గించమంటే పైసా కూడా తగ్గించలేదు. ఆయన రాగానే ఆ కూలి డబ్బు చేతిలో పెట్టి గొప్పగా చెప్పుకున్నాను."

మనవరాలికి నవ్వూ వచ్చింది, కళ్లలో నీళ్లూ తిరిగాయి.

"నెల్లాళ్లు వీధి వీధీ తిరిగాడు. ఆ మనిషి ఊరే మారిపోయాడట. నన్ను పల్లెత్తు మాట అనలేదు. అబ్బాయికి చెప్పకు, నీ మీద కోపం పెట్టుకుంటాడు, ఆ కోపం నా మీదే ఉండనీ అన్నాడు."

ఆయన పోయిన ఏడాదే నానమ్మ ఈ మనవరాలి పలక మీద అక్షరాలు దిద్దింది. ఇప్పుడు చీటీ ఎంత గొలుసుకట్టుగా రాసినా చదవగలదు. ఆయన చేతిరాతతో ఒక్క చీటీ దొరికితే బాగుండునని ఎన్నోసార్లు మిషను సొరుగులు వెతికింది. కొలతల అంకెలే దొరికాయి.

"పదేళ్లయింది నాన్న పోయి. ఇప్పటిదాకా నోరు విప్పలేదేంటమ్మా?"

"రోజూ చెబుదామనే అనుకునేదాన్ని. నీ ముఖం చూస్తే నోరు పెగిలేది కాదు."

కొడుకు ముందుకు వంగాడు. మనవరాలి చేతిలోంచి కాగితం లాక్కుని, మడతలు అరచేత్తో సాపుచేసి, గీత గీసిన చోట సంతకం పెట్టాడు.

"శనివారం ఎన్నింటికి?"

"నాలుక్కి. కాజాలో మరి?"

"నేను చూసుకుంటాలే. అక్కడ చెప్పిందంతా ఇంటికొచ్చి మాకూ చెప్పాలి. మీ నానమ్మకి కూడా."

మనవరాలు కాగితం సంచిలో పెట్టుకోవడానికి లోపలికి పరిగెత్తింది. కొడుకు మిషను మీద చేయి వేశాడు గాని తిప్పలేదు.

"మంచాన పడ్డప్పుడు కూడా నేను ఆయనతో సరిగా మాట్లాడలేదమ్మా."

"నీ అడుగు వినబడితే దిండు సర్దించుకుని లేచి కూర్చునేవాడు."

"ఏమైనా అనేవాడా?"

"ఏమీ అనేవాడు కాదు. నువ్వు లోపలికొచ్చి, మంచినీళ్లు తాగి, మళ్లీ వెళ్లిపోయేదాకా అలాగే కూర్చునుండేవాడు."