దూది లేని గది

వీధిలోకి తెరుచుకున్న ముందుగది పరుపుల కొట్టు, వెనకున్న రెండు గదులు ఇల్లు. పొద్దున్నే దూది ఏకే యంత్రం గొంతు చించుకుంటోంది. ఏదో లాడ్జీకి పరుపులు సాయంత్రంలోగా అందివ్వాలి. కొట్టు యజమాని నేలమీద గొంతుక్కూర్చుని పొడవాటి దబ్బనాన్ని పరుపులోకి దించుతున్నాడు. అవతలివైపు కూర్చున్న కూతురు దాన్ని లాగి, దారం బిగించి, మళ్ళీ ఇటు పొడుస్తోంది. భార్య దిండు గలీబుల్లోకి దూది కూరుతోంది. గాలి నిండా తెల్లటి నలుసులు.

గుమ్మం పక్కన పీటమీద కూర్చుని దూదిలో మిగిలిపోయిన గింజలు ఏరుతున్నది కొట్టు యజమాని తల్లి. ఆ ఇంట్లో ఆమె మాటకు ఎదురులేదని వీధిలో అందరూ అంటారు. ఆ మాట ఆమెకు నచ్చదు. నేనెవరికీ ఎదురుచెప్పను, ఎవర్నీ ఏమీ అనను, వాళ్ళే నన్ను అడుగుతారు అనుకుంటుంది.

"ఏమే పిచ్చుకా, ఏం తేల్చావు?" అంటూ లోపలికి వచ్చాడు చిన్నకొడుకు. ఫోన్లు బాగుచేసే దుకాణంలో పనిచేస్తాడు. పనికి వెళుతూ రోజూ ఇక్కడ ఆగి ఒక సలహా పడేసి పోవడం అలవాటు. అన్నకూతుర్ని చిన్నప్పటినుంచీ పిచ్చుక అనే పిలుస్తాడు. "కంప్యూటర్లు తీసుకో. ఇక మిగతావన్నీ దండగ."

"నువ్వు తీసుకున్నావా కంప్యూటర్లు?" అన్నాడు అన్న తలెత్తకుండా.

"నేను తీసుకోలేదు కాబట్టే చెబుతున్నా!"

"ఏదైనా తీసుకోనీ, దూది పని మాత్రం వద్దు," అంది పిల్ల తల్లి. "నా ఛాతీలో ఈపాటికి ఒక దిండుకు సరిపడా ఉంటుంది."

"పక్కవీధి కరెంటాయన కూతురు ఫార్మసీకి వెళ్తోందట," అన్నాడు తండ్రి. "మంచి కాలేజీ. మన వీధి చివరే."

"దాని నోట్లోంచి మాట రానివ్వరేం మీరు?" ముసలమ్మ విసుక్కుంది. "అందరూ కలిసి పీక్కుతింటున్నారు పిల్లని. దాని చదువు, దాని ఇష్టం. నేనేమన్నా అన్నానా ఇప్పటిదాకా?"

"నువ్వు అనక్కర్లేదులే అమ్మా," చిన్నకొడుకు నవ్వాడు. "నువ్వు దగ్గితే చాలు, బయల్దేరిన బస్సు కూడా ఆగిపోతుంది. నేను పెట్టె సర్దుకున్న రోజు గుర్తులేదూ? దూరాన ఉద్యోగం వచ్చిందని మురిసిపోతుంటే సాయంత్రం దాకా దగ్గావు. రాత్రికి నా చొక్కాలు మళ్ళీ కొయ్యకెక్కాయి."

"దూదిరా వెధవా, దూది! ఇందులో కూర్చుని చూడు, నీకూ వస్తుంది దగ్గు."

అందరూ నవ్వారు. పిచ్చుక మాత్రం దారం పంటితో తెంపి, "ఫార్మసీ అని చెప్పేశాను కదా బాబాయ్," అంది. "దగ్గర. భోజనానికి ఇంటికి వచ్చేయొచ్చు."

ముసలమ్మ మనసు చల్లబడింది. చూశారా, ఎవరూ చెప్పకుండానే పిల్ల ఎంత తెలివైన నిర్ణయం తీసుకుందో!

ఇలాంటి పొద్దులు మన ఇళ్ళలో ఎన్ని జరుగుతాయో లెక్కలేదు. బడి చదువు ముగిసే పిల్ల చుట్టూ చేరి ఒకరు జీతం గురించి, ఒకరు పక్కింటివాళ్ళ గురించి, ఒకరు తాము చదవలేకపోయిన చదువు గురించి మాట్లాడతారు. అవన్నీ పైకి వినిపించే మాటలు. వాటికి పిల్లలు ఎదురు చెప్పగలరు, నవ్వగలరు, అలగగలరు. వినిపించనిది ఇంకొకటి ఉంటుంది. దాని గురించే ఈ కథ.

ముసలమ్మకు ఒక కూతురుండేది. పంతులమ్మ కావాలని దూరాన ఉన్న కాలేజీకి వెళ్ళింది. బస్సు కిటికీలోంచి చెయ్యూపింది. హాస్టల్లో జ్వరం వస్తే తగ్గిపోతుందిలే అనుకుంది. కబురు ఇంటికి చేరేసరికి అంతా అయిపోయింది; తల్లి చూడటానికి మిగిలింది ఆ పిల్ల బట్టల పెట్టె మాత్రమే. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఆ అమ్మాయి పేరెత్తలేదు. పేరెత్తకపోతే ముసలమ్మ మరిచిపోతుందని వాళ్ళ ఆశ. ఆమె మాత్రం ఏ బస్సు కదిలినా, ఎవరి చేతిలో సంచి చూసినా, మళ్ళీ ఆ కిటికీ దగ్గరే నిలబడేది.

ఆరోజు పదకొండింటినుంచి బడిలో పెద్ద టీచరు ప్రతి పిల్లనూ ఇంటివాళ్ళతో సహా పిలిచి మాట్లాడుతున్నారు. ఎవరిని ఏ కాలేజీకి పంపాలో ఆ మాటలయ్యాక ఆవిడే ఆ కాలేజీలకు కబురు పెడతారు. ఆ తర్వాత మార్చుకోవడం కుదరదు. కొడుకూ కోడలూ పరుపుల పనిలో తలమునకలుగా ఉన్నారు కాబట్టి మనవరాలితో ముసలమ్మ బయల్దేరింది.

దారిలో కాలవ వంతెనకు మరమ్మతు జరుగుతోంది. ఒకవైపు తాడు కట్టి, మనుషుల్ని మాత్రం పోనిస్తున్నారు. అక్కడికి రాగానే పిచ్చుక కాళ్ళకు ఎవరో మేకులు కొట్టినట్టు ఆగిపోయింది.

"టైమవుతోందే."

"ఒక్క నిమిషం నాయనమ్మా. అదిగో చూడు, కింద ఆ ఇనప జాకీలు! వంతెన మొత్తాన్ని ఎత్తి పట్టుకున్నాయి. పాత దిమ్మ తీసేసి కొత్తది పెడుతున్నారు. మనం పైన నడుస్తున్నామా, మన బరువు ఎటు పోతోందో చెప్పు?"

"నా బరువు నా మోకాళ్ళమీదకి పోతోంది. పద."

పిల్ల పకపకా నవ్వింది. "నిజంగా అంతే! వంతెనకీ మోకాళ్ళుంటాయి. పరుపులో కుట్టు ఎక్కడ పడాలో నాన్న చూస్తారే, లేకపోతే దూదంతా ఒకపక్కకి జారిపోతుందని? ఇదీ అలాంటిదే. ఎక్కడ పట్టుకోవాలో తెలిస్తే చాలు, ఎంత బరువైనా నిలుస్తుంది. ఇది నేర్పే కాలేజీ ఒకటుందట. మా సైన్సు టీచరు చెప్పారు. కాకపోతే అక్కడే ఉండి..."

ముసలమ్మకు దగ్గు వచ్చింది. గట్టిదేం కాదు, గొంతులో ఈక అడ్డుపడినట్టు పొడిగా.

"సిమెంటు దుమ్ము," అంది.

"అవును," అంది పిచ్చుక. ఆమె చెయ్యి పట్టుకుని వంతెన దాటించింది. మిగతా దారంతా వీధికుక్కల గురించి మాట్లాడింది.

పెద్ద టీచరు గది ముందు కాసేపు కూర్చున్నాక పిలుపు వచ్చింది. అప్పుడే కడిగిన నేల, తెరిచిన కిటికీలు, తెల్లవారుజామున పడ్డ వానకు తడిసిన చెట్ల గాలి. టీచరు నెరిసిన జుట్టును గట్టిగా ముడేసుకున్న మనిషి. తన బల్లకు ఎదురుగా ఒకే ఒక్క కుర్చీ వేసి పిల్లను కూర్చోబెట్టారు. ముసలమ్మకు మాత్రం వెనక, గోడ పక్కన కుర్చీ చూపించారు.

"అక్కడా? మరి దాని మొహం కనిపించదు కదా టీచరమ్మా!"

"మీ మొహం దానికి కనిపించకూడదనే అమ్మా," అన్నారు టీచరు మర్యాదగానే. "ఏమీ అనుకోకండి, అందరినీ అక్కడే కూర్చోబెడతాను. ఇదివరకు పక్కపక్కనే కుర్చీలు వేసేదాన్ని. ఏం చదువుతావని అడిగితే ప్రతి పిల్లా ముందు పక్కకు చూసేది, ఆ తర్వాతే నోరు తెరిచేది. పెద్దవాళ్ళ కళ్ళల్లో ఉన్నది చదివి నాకు అప్పజెప్పేవాళ్ళు."

"మా ఇంట్లో అలాంటిదేం లేదు. దాని ఇష్టమే మా ఇష్టం."

"సంతోషం," అన్నారు టీచరు.

ముసలమ్మ గోడ పక్కన కూర్చుంది. మనవరాలి జడ, రిబ్బను, చొక్కా భుజంమీద అంటుకున్న చిన్న దూది పింజ మాత్రమే కనిపిస్తున్నాయి. పొద్దున తను దులిపింది, అయినా మిగిలిపోయింది.

"చెప్పమ్మా. ఏం చదవాలని ఉంది?"

"ఫార్మసీ అండీ."

"ఎందుకు?"

"దగ్గర అండీ."

"అది కాలేజీ గురించి. నేను చదువు గురించి అడిగాను. మందులంటే ఇష్టమా?"

టీచరు తొందరపెట్టలేదు.

"ఇష్టమని కాదు," అంది చివరికి. "నాకు... వంతెనలు ఇష్టం అండీ. కాలవ దగ్గర రోజూ ఆగుతాను. అందుకే బడికి ఆలస్యం. మీరు నన్ను రెండుసార్లు బయట నిలబెట్టారు కూడా." ఆ గొంతు మారిపోయింది. వంతెన దగ్గర వినిపించిన గొంతు అది. "అది నేర్చుకోవాలంటే వేరే ఊళ్ళో కాలేజీ అట. హాస్టల్లో ఉండి..."

ముసలమ్మ దగ్గింది.

చిన్న దగ్గు. ఆమెకే సరిగ్గా వినపడనంత చిన్నది. ఎదురుగా ఉన్న జడ ఒక్కసారి కదిలి ఆగింది. భుజాలు కిందికి దిగాయి.

"హాస్టల్ వద్దులెండి," అంది పిచ్చుక. "ఫార్మసీయే బాగుంటుంది. ఆలోచించుకునే చెబుతున్నాను."

పెద్ద టీచరు పిల్లవైపు చూడలేదు. పిల్ల తలమీదుగా గోడ పక్కకు చూశారు. ఆ చూపులో కోపం లేదు. మందు చేదని తెలిసి కూడా చెంచా అందించే మనిషి చూపులా ఉంది.

"దూది..." అనబోయింది ముసలమ్మ. ఈ గదిలో దూది ఏది? కడిగిన నేల తళతళలాడుతోంది. కిటికీలోంచి తడిగాలి వస్తోంది. సిమెంటు లేదు, దుమ్ము లేదు. దగ్గు మాత్రం వచ్చింది.

చిన్నకొడుకు జోకు ఇప్పుడు జోకులా లేదు. వాడి చొక్కాలు కొయ్యకెక్కిన సాయంత్రం వాడి మొహం ఎలా ఉందో ఆమె ఆరోజు చూడలేదు. ఇప్పుడు, పిల్ల వీపు చూస్తుంటే, కనిపించింది.

ఇంకొకటి కూడా గుర్తుకొచ్చింది. గుండెలో ముల్లులా దిగింది. కూతురితో ఒకే గదిలో ఉన్న పిల్ల పెట్టె తెచ్చి ఇచ్చినప్పుడు ఏడుస్తూ చెప్పిన మాట: "జ్వరం సంగతి ఇంటికి చెబుదామంటే తను ఒప్పుకోలేదండీ. అమ్మ భయపడుతుంది, వద్దంది." ఇన్నాళ్ళూ ఆ మాటలో కూతురి ప్రేమే వినిపించింది ఆమెకు. ఈ గదిలో మొదటిసారి రెండో సగం వినిపించింది. అమ్మ భయపడుతుంది. అందుకే చెప్పలేదు.

ముసలమ్మ కుర్చీ చేతులు పట్టుకుని లేచింది.

"టీచరమ్మా, నేను వరండాలో కూర్చుంటాను. మీరు దాన్ని మళ్ళీ మొదటినుంచి అడగండి."

పిచ్చుక గిరుక్కున తిరిగింది. "ఏమైంది నాయనమ్మా? మంచినీళ్ళు కావాలా? ఆయాసంగా ఉందా?"

"నాకేం కాలేదు. నువ్వు అటు తిరుగు."

"నేను ఫార్మసీయే చదువుతాను నాయనమ్మా, నిజంగా..."

"అటు తిరగవే పిచ్చిదానా!" అంది ముసలమ్మ. తలుపు దగ్గరగా వేసి బయటికి వచ్చింది.

వరండాలో బెంచీమీద కూర్చుంది. లోపలి మాటలు వినిపించవు. వినాలని మెడ సాచింది, మళ్ళీ తనే వెనక్కి లాక్కుంది. దగ్గు తన్నుకొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని ఆపబోయి, ఇక్కడ ఎవరున్నారు వినడానికి అనుకుని వదిలేసింది. దగ్గి దగ్గి కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. అవి దగ్గువల్ల వచ్చినవి మాత్రమే కాదు. తలుపు తెరుచుకునేలోగా లోపలికి వెళ్ళి, వద్దు, నా దగ్గరే ఉండు అని చెప్పాలని మనసు లాగింది. రెండు చేతులతో బెంచీ అంచు పట్టుకుని కూర్చుంది.

తలుపు తెరుచుకుంది. పిచ్చుక వచ్చి ముందు నిలబడింది, తప్పు చేసి దొరికిపోయినట్టు.

"వంతెనలే చెప్పాను," అంది నేలవైపు చూస్తూ. "టీచరు కబురు పెడతానన్నారు. సీటు వస్తుందో రాదో తెలియదు. నీకు కష్టమైతే ఇప్పుడే వెళ్ళి..."

"కూర్చో."

కూర్చుంది. ముసలమ్మ మనవరాలి భుజంమీది దూది పింజ తీసి గాలిలోకి వదిలింది.

"నాకు భయంగా ఉందే," అంది. ఆ మాట ఆ ఇంట్లో ఎవరితోనూ, ఎన్నడూ అనలేదు. "మీ అత్త అలాగే వెళ్ళింది. మళ్ళీ రాలేదు. నువ్వు హాస్టల్ అంటే నా ఊపిరి ఆగుతుంది. దూది కాదు, దుమ్ము కాదు, అదే నా దగ్గు. నువ్వు వెళ్ళినా దగ్గుతాను, వెళ్ళకపోయినా ఇంకెవరో కదిలినప్పుడు దగ్గుతాను. అది నా రోగం. నీ చదువుతో దానికి మందు వెయ్యకు."

పిచ్చుక ఏడుస్తోంది. "అత్త గురించి నన్ను ఎవరూ అడగనివ్వలేదు నాయనమ్మా. నాకూ భయమే, తెలుసా? ఒక్కదాన్నే ఉండాలంటే."

"ఆ మాట ముందే చెప్పొచ్చు కదే!"

"నువ్వు చెప్పావా?"

ముసలమ్మకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "ఒకటి మాత్రం అడుగుతాను. ఒంట్లో బాగాలేకపోతే ఆ పూటే నాకు చెప్పాలి. నేను భయపడతానని దాచకూడదు. భయపడటం నా పని. నేను భయపడతాను, బస్సెక్కి వస్తాను కూడా. దాచనని మాటివ్వు."

పిల్ల ఆమె అరచేతిలో చెయ్యి వేసింది.

వరండాలో ఇంకో పిల్ల, ఇంకో తండ్రి వచ్చి కూర్చున్నారు. ఆ పిల్ల మాటిమాటికీ తండ్రి మొహంవైపు చూస్తోంది. వాళ్ళను పిలవడానికి గుమ్మంలోకి వచ్చిన పెద్ద టీచరు ముసలమ్మను చూసి ఆగారు.

"ఆ గోడ పక్క కుర్చీ కూడా చాలదు టీచరమ్మా," అంది ముసలమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "మేం నోరు మూసుకున్నా పిల్లలు మా ఊపిరి కూడా వింటారు. ఆ తండ్రికి చెప్పండి, ఆయన భయమేదో గుండెల్లో దాచుకోకుండా పిల్లతో నోరు విప్పి చెప్పమనండి. పైకి చెప్పిన భయానికి పిల్లలు జవాబు చెబుతారు. చెప్పని భయానికి మాత్రం తమ బతుకు రాసిచ్చేస్తారు."