ఇంటికి ఇరవై తొమ్మిది మంది

యుద్ధం ముగిసి మూడు నెలలు కావస్తున్నా కిరసనాయిలు కొరత మాత్రం ముగియలేదు. 1945 కార్తిక మాసంలో, గురజాల కొత్తబావి వీధి రేషను జాబితాను సరిచూచే గౌరవ బాధ్యత హనుమంతరావు మీద పడింది. ఆయన ముప్పై రెండేళ్ళు గోదావరి వైపు తాలూకా కచేరీలలో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాడు. భార్య కుసుమకు పుట్టింటివారి వల్ల సంక్రమించిన ఇంట్లో కాపురముండడానికి మూడేళ్ళ క్రితం ఈ ఊరు వచ్చాడు. ఈ మూడేళ్ళలో ఆయన వీధిలో ఒక్కరి పేరైనా నేర్చుకోలేదు. పాలావిడ, సున్నం బండాయన, ఎడ్ల మేస్త్రి, ఎదుటి కొట్టు శెట్టి: ఈ గుర్తులతోనే ఆయనకు లోకం సాగిపోయింది. పేర్లు కాగితం మీద ఉండవలసినవి తప్ప నోటితో పలకవలసినవి కావని ఆయన అభిప్రాయం.

జాబితా వచ్చింది. కాగితం కూడా కరువైన రోజులు కనుక అందులో ఇంటి పేర్లు లేవు, డోరు నంబర్లు లేవు; వరస సంఖ్య, పేరు, వయసు మాత్రమే ఉన్నాయి. మొత్తం నాలుగు వందల ఎనభై మంది. హనుమంతరావు చదువుతూ పోగా మస్తాను, పెద మస్తాను, మస్తానమ్మ, పీరయ్య, పీరమ్మ, సైదులు, సైదమ్మ, కాశీం, ఖాదర్ వలి, కాలేషా అని తగలసాగాయి. ఆయన ఎర్ర సిరా తెచ్చుకొని, సాయిబుల పేర్లని తోచిన ప్రతి పేరు పక్కనా ఒక చుక్క పెట్టాడు. చుక్కలు నూట డెబ్భై మూడు తేలాయి. మళ్ళీ లెక్కించాడు. మళ్ళీ అంతే వచ్చింది. ఆయనకు భయమూ, రెండు లెక్కలూ సరిపోయినందుకు ఒక విధమైన తృప్తీ ఏకకాలంలో కలిగాయి.

"ఏమిటండీ, అంత ఎర్రగా రాస్తున్నారు?" అని అడిగింది కుసుమ. ఆమె ఈ వీధిలోనే పుట్టి పెరిగింది.

"సర్కారు కాగితం. నీకు సంబంధం లేదు" అని ఆయన దాన్ని తిరగవేశాడు.

వీధిలో సాయిబుల ఇళ్ళు ఆరు. ఇది ఆయనకు కూడా తెలుసు. నూట డెబ్భై మూడును ఆరుతో భాగిస్తే ఇంటికి ఇరవై తొమ్మిది మంది చొప్పున వచ్చి, చివరి ఇంట్లో ఒకరు తగ్గుతున్నారు. ఆ సాయంకాలం అరుగు మీదికి ఎదుటి కొట్టు శెట్టి తిరుపతయ్యను పిలిచి ఈ సంగతి చెప్పాడు. తిరుపతయ్య వెళ్ళి మరి నలుగురిని తెచ్చాడు. జాబితా చూపమంటే హనుమంతరావు చూపలేదు. అది రహస్య పత్రమని, మొత్తం మాత్రమే చెప్పవచ్చునని అన్నాడు.

"ఆరు కొంపల్లో నూట డెబ్భై మూడు మందా!" అన్నాడు పీరయ్య. పిడుగురాళ్ళ నుంచి సున్నం తోలుకొచ్చి అమ్మేవాడు అతను. "ఏడ పడుకుంటారండీ అంతమంది?"

"నేను అడుగుతున్నదీ అదే."

"వంతులేసుకొని పడుకుంటారేమో" అన్నాడు ఎడ్లకు లాడాలు కొట్టే సైదులు.

పాలు పోసే మస్తానమ్మ మూతి విరిచింది. "ఏంది నాయనా ఈ మాటలు? లాంతర్ల ఖాదర్ వలి ఇంటికి నేనే గదా పాలు పోసేది. పూటకి అరసేరు. అరసేరు పాలు ఇరవై తొమ్మిది మందికి నాలిక తడుపుకోను గూడా చాలవు."

"చూశారా!" అన్నాడు హనుమంతరావు. "మనకు అనుమానం రాకూడదని తక్కువ పోయించుకుంటున్నారు."

మస్తానమ్మ ఆలోచనలో పడింది. అట్లా కావడానికి వీలు లేకపోలేదని ఆమెకు తోచింది.

"మొన్న మా పక్కింటి సాయిబు పిల్ల నికాకి పోయి భోంచేసొచ్చినా" అన్నాడు పీరయ్య. "పంక్తిలో చూస్తే ఇరవై మంది గూడా లేరండీ."

"మిగిలినవాళ్ళను లోపల ఉంచి ఉంటారు."

పీరయ్య అరుగు అంచు నుంచి లోపలికి జరిగాడు. "ఇరవయ్యేళ్ళ నుంచి పక్కింట్లో ఉంటిని. ఒక్క దగ్గు గూడా ఇనపడనియ్యలేదే! చానా గట్టోళ్ళు."

మర్నాటి నుంచి ఆ అరుగు మీద చోటు చాలలేదు. మూడేళ్ళుగా కాకులు తప్ప ఎవరూ వాలని అరుగది. ఇప్పుడు వీధిలోని మగవాళ్ళందరూ పని దిగగానే వచ్చి, "రావుగారూ, ఇయ్యాల ఎంతైంది?" అని అడుగుతున్నారు. ఆ సంఖ్య రోజూ మారేది కాదని ఆయన ఓపికగా విడమరచి చెప్పేవాడు. చెప్పేటప్పుడు ఆయన గొంతు కచేరీ రోజుల్లో పలికినట్టు పలికేది. కుసుమ మాత్రం రెండో బిందె నీళ్ళు అరుగు మీద పెట్టి, "ఏమిటో వీళ్ళ గొడవ" అనుకుంటూ లోపలికి పోయేది.

వీధిలో ఖాళీగా ఉన్న ఇల్లు ఒకటే: హనుమంతరావు ఇంటి పక్కన, పంచాయతీ బోర్డు వారి పెంకుటిల్లు. లాంతర్లు, గ్యాసులైట్లు బాగుచేసే ఖాదర్ వలి దాన్ని అద్దెకు ఇప్పించమని అర్జీ పెట్టుకొని ఉన్నాడు. ఆశ్వయుజంలో కురిసిన వానలకు అతని ఇంటి గోడలు మూడు పక్కలా కూలాయి. తల్లి హజ్రా బీ, భార్య సాబిరా, తమ్ముడు కాలేషా, ఇద్దరు పిల్లలు, తానూ పశువుల సంత కొట్టంలో తలదాచుకుంటున్నారు. శనివారం సంత వచ్చినప్పుడల్లా పశువులకు చోటిచ్చి వీళ్ళు బయట నిలబడవలసి వస్తున్నది. సోమవారం బోర్డు ప్రత్యేకాధికారి ఆ అర్జీ మీద విచారణ జరిపి ఉత్తర్వు ఇస్తాడు. ఇల్లు దక్కకపోతే మాచెర్లకో మరెక్కడికో పోవడం తప్ప ఖాదర్ వలికి దారి లేదు.

అతను శుక్రవారం పూట హనుమంతరావు లాంతరు బాగుచేసి తెచ్చి అరుగు కింద నిలబడ్డాడు.

"బాబుగారూ, సోమవారం అధికారిగారు పక్కింటోళ్ళని మీరేమంటారని అడుగుతారంట. మీది ఒక మంచి మాట పడితే..."

"అది అలా ఉండనీ. ముందు నాకొకటి చెప్పు. మిగతా ఇరవై ముగ్గురూ ఎక్కడున్నారు?"

"ఎవరండీ?"

"మీ ఇంట్లోవాళ్ళు. నువ్వు అర్జీలో ఆరుగురన్నావు. ఇరవై తొమ్మిది మంది ఉన్నారని నాకు తెలుసు."

ఖాదర్ వలి కాసేపు పెదిమలు కదుపుతూ లెక్క చూసుకున్నాడు. తరువాత చాలా మర్యాదగా అన్నాడు: "ఆ ఇరవై ముగ్గురూ ఎక్కడన్నా కనపడితే కాస్త పంపించండి బాబూ. గోడ లేపుకుందామంటే కూలికి మనుషులు దొరక్క చస్తన్నా."

హనుమంతరావు ఈ సమాధానాన్ని కపటంగా భావించాడు. ఆ రోజే పిటిషను రాశాడు. వీధిలో సాయిబుల జనసంఖ్య భీతి గొలిపేంతగా పెరిగిపోయిందనీ, మరొక ఇల్లు వారి వశమైతే తక్కినవారు వీధి విడిచిపోవలసి వచ్చుననీ, కావున సదరు అర్జీని తోసిపుచ్చవలసిందనీ అందులోని సారాంశం. తిరుపతయ్య దాన్ని ఇంటింటికీ తిప్పాడు. సంతకాలూ వేలిముద్రలూ కలిసి అరవై నాలుగు పడ్డాయి. అందరికంటే ముందు వేలిముద్ర వేసినవాడు పీరయ్య. మస్తానమ్మ మూడు రోజుల నుంచి ఖాదర్ వలి పిల్లలను తేరిపార చూస్తున్నదనీ, వాళ్ళు నిన్న చూసిన పిల్లలేనా అని ఆమెకు ఎప్పటికప్పుడు అనుమానంగా ఉంటున్నదనీ, ఆ అనుమానం కొద్దీ వేలిముద్ర వేసిందనీ తిరుపతయ్య చెప్పాడు.

సోమవారం ఉదయం బోర్డు కచేరీ వరండా నిండిపోయింది. ప్రత్యేకాధికారి వయసు మళ్ళినవాడు. ఎదుటివారు చెప్పేది పూర్తిగా విని, ఆ తరువాత అంతే నిదానంగా ఇబ్బంది పెట్టగలిగినవాడు. ఆయన పిటిషను రెండుసార్లు చదివి, "ఆధారం?" అన్నాడు. హనుమంతరావు సగర్వంగా జాబితా అందించాడు. అధికారి జాబితాను ఒక చేతి కింద, పిటిషనును మరొక చేతి కింద పెట్టుకొని, పెన్సిలుతో చాలాసేపు ఏదో సరిచూశాడు.

"హనుమంతరావుగారూ, ఈ ఎర్ర చుక్క పెట్టినవారందరూ సాయిబులే కదా?"

"నిస్సందేహంగా."

"తమ పిటిషను మీద అరవై నాలుగు సంతకాలున్నాయి. అందులో ముప్పై ఎనిమిది మంది తమ చుక్కలవారే. అంటే ఈ వీధి సాయిబులే, వీధిలో సాయిబులు ఎక్కువయ్యారని నాకు మొర పెట్టుకుంటున్నారు." ఆయన కాగితం పైకెత్తాడు. "మొట్టమొదటి సాయిబు పీరయ్య. ఎవరయ్యా పీరయ్య?"

పీరయ్య ఒకసారి వెనక్కి తిరిగి చూసి, ఆ పేరుగలవాడు మరొకడు లేడని తేలాక ముందుకు వచ్చాడు. నుదుట విభూతి పట్టెలు స్పష్టంగా ఉన్నాయి. "నేను సాయిబునా? ఎవురండీ రాసింది?"

"రావుగారు."

"ఏందయ్యా రావుగారూ! నా ముందర పుట్టినోళ్ళు ఇద్దరు పురిట్లోనే పోతే మా యమ్మ పీర్లకి మొక్కుకొని కన్నది నన్ను. పేరు పెట్టకుంటే పీరు ఊరుకుంటాడా? పోయిన పీర్ల పండగ్గూడా పీరు నేనే ఎత్తితిని గదా, మీ అరుగు ముందరే!"

ఆ పండుగ రోజు హనుమంతరావు తలుపులు వేసుకొని లోపల చదువుకుంటూ ఉండిపోయాడు.

"సైదులు?" అన్నాడు అధికారి.

"మాది కమ్మరం, లాడాల పనండీ" అన్నాడు సైదులు. "కృష్ణ దాటి జాన్‌పహాడ్ దర్గాకి పోయి మొక్కు చెల్లించి పెట్టిన పేరు. మా ఇంట్లో ముగ్గురు సైదులున్నాం. ముగ్గురికీ చుక్క పెట్టినారా అయితే?"

"ముగ్గురికీ ఉంది. మస్తానమ్మ?"

మస్తానమ్మ చెంగు నడుముకు దోపి, అధికారిని వదిలేసి నేరుగా హనుమంతరావును అందుకుంది. "మా యమ్మ దర్గాకి మొక్కబట్టే గదయ్యా నేను బతికి బట్టగట్టింది! లేకుంటే ఈ మూడేండ్లు నీకు పాలెవురు పోసేవోళ్ళు? నేను పోసే పాల కాఫీ చుక్క లేందే తెల్లారదు, నా పేరు గూడా తెల్వదా నీకు? నీ పెండ్లాం పురిటికి పుట్టింటికొస్తే సాయం పట్టిన మనిషిని! అడుగు కుసుమమ్మని!"

వరండాలో నవ్వులు లేచాయి. ఆ నవ్వినవారిలో చాలామంది తమ పేర్లు కూడా వస్తాయని గుర్తుకు తెచ్చుకొని ఒక్కరొక్కరే ఆపేశారు. అధికారి పేరు పేరునా విచారించగా, నూట డెబ్భై మూడు చుక్కలలో నూట నలభై రెండు మొక్కుబడి పేర్లని తేలింది. నిజంగా సాయిబులు ముప్పై ఒక్కరు. పాత రికార్డు తెప్పించి చూస్తే పదేళ్ళ క్రితం ముప్పై నలుగురు.

"తగ్గారు" అన్నాడు హనుమంతరావు, తన చెవులకే వినపడనంత మెల్లగా.

అధికారి ఖాదర్ వలి వైపు తిరిగాడు. "నువ్వేమంటావయ్యా?"

"నాకు గోడలు కావాలండీ" అన్నాడు ఖాదర్ వలి. "మొన్న శనివారం ఒక ఎద్దు మా సాబిరా బియ్యం తినేసిందండీ. ఆ ఎద్దుగలాయన నా మీదికే తిరగబడ్డాడు, ఎద్దుకి కడుపుబ్బిందని."

అధికారి ఉత్తర్వు అక్కడే రాసి చదివాడు. పిటిషనుదారుల లెక్క నిజమైన పక్షంలో, వారిలో అధికసంఖ్యాకులు అర్జీదారుకు స్వజనులే కనుక అతని రాక వల్ల వారికి కలిగే ముప్పు లేదు. లెక్క అబద్ధమైన పక్షంలో ముప్పు మొదలే లేదు. ఉభయ పక్షాలా ఇల్లు ఖాదర్ వలికి ఇవ్వడమైనది.

తిరుగుదారిలో అందరూ హనుమంతరావుకు కొంత ఎడంగా నడిచారు. వాళ్ళ ముఖాలలో ఉపశమనం లేదు. పోగొట్టుకున్న వస్తువేదో దొరకనివాళ్ళలాగా ఉన్నారు. చివరికి తిరుపతయ్య ఉండబట్టలేక అన్నాడు:

"అయితే రావుగారూ, ఇప్పుడు మనం ఎవురికి భయపడాలి?"

అతనే నాలుగడుగులు నడిచి మళ్ళీ అందుకున్నాడు.

"రెంటచింతల నుంచి వచ్చిన ఆ పంతులమ్మ ఫిలోమినా లేదూ? ఆమె మతం వాళ్ళు ఈ మధ్య కాస్త ఎక్కువే కనపడతన్నారు. ఒకసారి అదిగూడా లెక్క..."

"నోరు ముయ్యవయ్యా శెట్టీ!" అన్నాడు పీరయ్య. "లెక్కలంటూ కూచుంటే అందులో గూడా నన్నే రాస్తారు."

ఆ సాయంకాలం అరుగు మీదికి ఎవరూ రాలేదు. హనుమంతరావు జాబితా ముందు పెట్టుకొని, తుడవడానికి వీలులేని చుక్కలను ఒక్కొక్కటిగా నల్ల సిరాతో కొట్టివేస్తూ కూర్చున్నాడు. కుసుమ పక్కన కూర్చొని ఎవరు ఎవరో చెబుతూ పోయింది. నూట నలభై రెండు పేర్లకూ ఆమెకు జాబితా చూడవలసిన పని లేకపోయింది. నన్నెందుకు ముందే అడగలేదని ఆమె అనలేదు. రెండుసార్లు మాత్రం నవ్వాపుకోలేక లోపలికి వెళ్ళి వచ్చింది.

గురువారం పక్కింటికి సామాను వచ్చింది. ఒక బండెడు కూడా లేదు. హనుమంతరావు కాగితం, పెన్సిలు పట్టుకొని వెళ్ళాడు. రేషను కార్డు మీద కొత్త చిరునామా రాయవలసిన బాధ్యత ఆయనదే. గుమ్మంలో హజ్రా బీ చేటలో బియ్యం పెట్టుకొని రాళ్ళు ఏరుతున్నది. చూపు ఆనదు కనుక చేతివేళ్ళతోనే తడిమి ఏరుతున్నది.

"ఎవరూ?"

"పక్కింటి హనుమంతరావును. కార్డు కోసం వచ్చాను. మీ పేరు చెప్పండి." ఆ ప్రశ్న వేయడం అలవాటు లేని నోరు కావడం వల్ల అది కాస్త గట్టిగా పలికింది.

"హజ్రా బీ. లెక్కరాసే బాబువి నువ్వేనా? రా, కూచో. ఎంతమందిమని అడగబోతన్నావు. ఆరుగురం."

"ఆరుగురు" అని ఆయన రాసుకున్నాడు.

"మీరెంతమందీ?"

అంతవరకు ఎవరూ ఆయనను ఆ ప్రశ్న అడగలేదు. "ఇద్దరం."

ముసలామె వేళ్ళు బియ్యంలో ఆగాయి. "ఇద్దరే! అంత పెద్ద ఇంట్లోనా? భయం వెయ్యదూ, నాయనా?"

హనుమంతరావు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అప్పుడప్పుడూ వేస్తుంది" అన్నాడు.

"మరి ముందే చెప్పొద్దూ! మా చిన్నోడు కాలేషా మీ అరుగు మీద పడుకుంటాడులే. ఆడి గురక్కి దొంగలు కాదు గదా, కుక్కలు గూడా వీధిలోకి రావు. ఇక్కడ మాకూ నిద్రలుండవు ఆడితో. ఏమంటావు?"

హనుమంతరావు కుసుమను అడిగి చెబుతానన్నాడు.