అందరికీ మొదటి తాంబూలం

తేన్మొళికి పొందిక పిచ్చి. వాకిట్లో చెప్పులు చిందరవందరగా పడి ఉంటే, అవి పక్కింటివాళ్ళవైనా సరే, జతలు కట్టకుండా గడప దాటదు. అలాంటి పిల్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరితే, చేతిలో తనకు ముందున్న వినోత్ రాసి వదిలేసి పోయిన కోడ్ పడింది. దాని ఫలితం మాత్రం ఊళ్ళో తొమ్మిది ఇళ్ళవాళ్ళు అనుభవించారు.

రాజపాళయంలో బ్యాండేజి గుడ్డల గోడౌన్ మేడమీద ఆనందరాజ్ ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు నడుపుతున్నాడు. ఆ ఆఫీసుకు తిండి పెట్టే పని ఒక్కటే, తొమ్మిదిళ్ళ సంఘం యాప్. నాయక రాజుల కాలంలో అరవదేశం వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ళ సంఘం అది. యాప్ తెరిస్తే కల్యాణ మండపం, వంట పాత్రలు, పెళ్ళి కబురు, చావు కబురు, తాంబూలం అని మెనూ వస్తుంది. ఏది నొక్కితే ఏ పేజీకి పోవాలో చెప్పడానికి వినోత్ ఒక స్విచ్ రాశాడు. మేడయింటివాళ్ళు తాంబూలం నొక్కితే ఈ పేజీకి పో, గానుగయింటివాళ్ళు నొక్కితే ఆ పేజీకి పో, పత్తియింటివాళ్ళు నొక్కితే ఇంకోదానికి పో అని ఒక్కో ఇంటికి ఒక్కో కేసు. వీటిలో ఏదీ కానివాళ్ళు పోవడానికి అట్టడుగున ఒక డిఫాల్ట్. సంఘం కొత్త మెనూ అడిగినప్పుడల్లా వినోత్ పాత కేసులన్నీ కాపీ కొట్టి కింద అతికించేవాడు. అలా మూడేళ్ళు అతికించి, కోయంబత్తూరులో మంచి జీతం దొరగ్గానే చక్కా పోయాడు.

తేన్మొళి ఆ స్విచ్ చదవడం మొదలుపెడితే మౌసు తిప్పి తిప్పి వేలు వాచింది గానీ అది తరగలేదు. తీరా చూస్తే ఆ పేజీలన్నీ ఒకటే. అన్నిటిలోనూ అవే తొమ్మిది ఇళ్ళ పేర్లు, కాకపోతే ముందూ వెనకా అయ్యాయి. వినోత్‌కు బుద్ధి లేదని ఆమె తీర్మానించేసింది. స్విచ్ మొత్తం పీకి పారేసి, ఈ బొత్తానికి ఈ పేజీ అని చిన్న పట్టిక ఒకటి పెట్టింది. తాంబూలం పేజీ అందరికీ ఒక్కటే, పేర్లు అక్షర క్రమంలో. వేల వరుసల కోడ్ ఒక్క తెరలో ఇమిడిపోయింది. ఆనందరాజ్ ఒక్క ముక్కా అర్థం కాకుండానే "సూపరమ్మా!" అన్నాడు. సోమవారం అది అందరి ఫోన్లలోకీ పోయింది.

ఇక్కడ తాంబూలం సంగతి చెప్పాలి. ఆ ఇళ్ళలో ఏ శుభకార్యం జరిగినా తొమ్మిది ఇళ్ళ పెద్దలకూ తాంబూలం ఇవ్వాలి. అది తీసుకుంటేనే కార్యం జరిగినట్టు లెక్క. గొడవల్లా మొదట ఎవరికివ్వాలన్నదే. ఒకసారి మండపంలో ఆ గొడవ ముదిరి కొబ్బరికాయలు గాల్లోకి లేచాయి, ఒకటి పాపం నాదస్వరం ఆయన భుజాన్ని వాచగొట్టింది. అప్పటినుంచీ తాంబూలాలు ఇళ్ళకే ఆటోల్లో పోతున్నాయి, వరుస మాత్రం యాప్‌లో కనబడుతుంది. మూడేళ్ళుగా ఊరు ప్రశాంతంగా ఉంది.

మంగళవారం పొద్దున్నే సంఘం ప్రెసిడెంటు, మేడయింటి మాధవన్ తాత, చేతికర్ర టకటకలాడించుకుంటూ మెట్లెక్కి వచ్చాడు. ఆయన్ని చూడగానే తేన్మొళి లేచి నిలబడింది. ప్రెసిడెంటని కాదు. ఆయన మనవడు శక్తివేల్‌కూ ఆమెకూ శుక్రవారం నిశ్చితార్థం.

"చూడమ్మా, మా ఇల్లు యాడ ఉండాదో చూడు! కడైసిలో, అన్నిటికన్నా అడుగున! మూడేండ్లుగా ఫస్టు ఉండిన ఇల్లు!" అని ఆయన ఫోను ఆమె ముక్కుకు తగిలేట్టు పెట్టాడు.

ఆయన అటు దిగగానే పత్తియింటి అశోక్‌కుమార్ ఫోను చేశాడు. "మూడేండ్లుగా మేముదా ఫస్టు. ఇప్పుడేమి ఊరూ పేరూ లేనోళ్ళ మాదిరి నడుమ తోసినారు?" తర్వాత గానుగయింటి కరుప్పయ్య. ఆయనా మూడేళ్ళుగా ఫస్టే. మధ్యాహ్నానికి ఫస్టు ఇళ్ళు ఎనిమిది తేలాయి. తేన్మొళి వినోత్‌కు ఫోను కలిపింది.

"అయ్యయ్యో! స్విచ్ ఎత్తేసినావా?" వినోత్ గొంతు కీచుమంది. "ఎవరు తెరిచినా వాళ్ళ ఇల్లే ఫస్టు వచ్చేట్టు రాసినా గదమ్మా! ఊరు నిమ్మళంగా ఉండింది దానితోనే!"

"ఒగరి సెల్లు ఒగరు చూసుకోని ఉంటే ఏమి చేసేవాడివన్నా?"

"ఎట్ల చూస్తారు? ఫస్టు ఉండేవాడు పోయి పక్కవాడి సెల్లు తొంగి చూస్తే వాడి మరియాద ఏమవుతాది?"

తేన్మొళికి తెలిసొచ్చింది. బుద్ధి లేదనుకున్న మనిషి ఊరికి శాంతి కట్టిపెట్టాడు, తను దాన్ని ఒక్క పూటలో చక్కగా తుడిచిపెట్టింది. అంతలో ఒక అనుమానం వచ్చింది. "అన్నా, కేసులు ఎనిమిదేనే. అరుగింటి అఖిలాండం అవ్వకు లేదే?"

"ఆయమ్మకు అప్పుడు సెల్లు లేదు. డిఫాల్ట్‌లో కడైసిలో పోనీలే అని విడిచేసినా," అన్నాడు వినోత్.

ఆ సాయంత్రమే అఖిలాండం అవ్వ వచ్చింది. పట్టుచీర కట్టుకుని, పొట్లం నిండా మిక్చరు పట్టుకుని, మెట్టుమెట్టుకూ ఆగుతూ వచ్చింది. అరుగింటికి ఇప్పుడు పెద్ద ఆమే.

"దీన్ని ఎవరమ్మా చేసినారు?" అంది ఫోను చూపిస్తూ. అక్షర క్రమం పుణ్యమా అని అరుగిల్లు అన్నిటికన్నా పైన ఉంది. "మనవడు సెల్లు కొనిచ్చి ఒగ ఏడాదాయె. దినమూ తెరుస్తా. దినమూ కడైసిలోనే ఉంటాము. సరి, మనం అంతేదా అనుకొనినా. ఈ దినం తెరిస్తే ఫస్టు! కండ్లద్దాలు తుడిచి మళ్ళీ చూసినా, ఫస్టే!"

తేన్మొళికి ఏడుపొచ్చింది. ఎనిమిది మంది మగవాళ్ళు ఒక్కరోజు ఫస్టు కాకపోయేసరికి మేడ అదరగొట్టారు. ఈవిడ ఏడాదిపాటు రోజూ చివర ఉండి ఒక్కసారైనా ఫోను చెయ్యలేదు. తేన్మొళి మిక్చరు తింటూనే ముక్కు ఎగబీల్చింది, కారం వల్ల అనుకుంది అవ్వ.

రాత్రికి సంఘం కూడింది. యాప్‌ను నమ్మేది లేదని మాధవన్ తాత తేల్చేశాడు. శుక్రవారం తన మనవడి నిశ్చితార్థానికి అందరూ మండపానికే రావాలి, తాంబూలం చేత్తోనే ఇవ్వాలి, ఫస్టు ఎవరో అక్కడే తేలాలి. ఒక్క పెద్దాయన మొహం తిప్పుకుపోయినా నిశ్చితార్థం ఆగిపోతుంది. ఆ శుక్రవారం దాటితే ఆడి మాసం, శుభకార్యం మాట ఎవరూ ఎత్తరు. ఆ తర్వాత ఆ అలకల మధ్య తేన్మొళి సంబంధం ఉంటుందో ఊడుతుందో ఎవరు చెప్పగలరు? శక్తివేల్ ఆమెకు నిజంగానే నచ్చాడు. మిల్లునుంచి వచ్చేటప్పుడు తల నిండా దూది పెట్టుకొస్తాడు, అదీ నచ్చింది.

తేన్మొళి మళ్ళీ కోడ్ ముందు కూర్చుంది. స్విచ్ జోలికి పోలేదు. తన పట్టిక కింద ఒకే ఒక్క వరుస చేర్చింది. తెరిచినవాళ్ళ ఇంటినుంచి వరుస మొదలుపెట్టి చుట్టూ తిరిగి రా, అంతే. వినోత్ మూడేళ్ళు అతికించిన అబద్ధం ఒక్క వరుసలో కుదిరింది. డిఫాల్ట్ లేదు, కాబట్టి అవ్వ కూడా తన ఫోనులో ఫస్టే. మర్నాడు ఆనందరాజ్ ఒక్కొక్కరికీ ఫోను చేసి "సర్వర్ ప్రాబ్లం" అన్నాడు. ఆ ఊళ్ళో ఆ మాటకు ఎదురు లేదు. ఎనిమిది మంది తెరిచి చూసి, శాంతించి, మీసాలు సర్దుకున్నారు. కానీ శుక్రవారం మండపం మాత్రం తప్పలేదు, మాధవన్ తాత మాట మాటే.

శుక్రవారం పెద్దలు తొమ్మిది మందీ కుర్చీల్లో వరుసగా కూర్చున్నారు. అఖిలాండం అవ్వ చిట్టచివర, స్తంభం పక్కన. నాదస్వరం ఆయన తలుపు దగ్గర, పారిపోవడానికి వీలుగా కూర్చున్నాడు. "పాప చేతనే ఇప్పించండి. ఎవరు ఫస్టో పాపకు తెలుసు," అన్నాడు మాధవన్ తాత నవ్వుతూ. తేన్మొళి మొదటి తాంబూలం తట్ట అందుకుంది. వెనకనుంచి వాళ్ళ అవ్వ తాయమ్మ, "మాధవన్ తాతకే ఇవ్వవే, నీ సంసారం ఆ ఇంట్లోనే!" అని గొణిగింది. తేన్మొళి మాధవన్ తాతను దాటింది. అశోక్‌కుమార్‌నూ దాటింది. పోయి పోయి అఖిలాండం అవ్వ ముందు నిలబడి తట్ట చేతికిచ్చి కాళ్ళకు దణ్ణం పెట్టింది.

ఎనిమిది చేతులు ఎనిమిది జేబుల్లోకి పోయాయి, ఎనిమిది ఫోన్లు బయటికొచ్చాయి. ఎవరి ఫోను వాళ్ళు కడుపు దగ్గర దాచుకుని చూసుకున్నారు. అందరి మొహాలూ ఒక్కసారే తేటపడ్డాయి.

మాధవన్ తాత గొంతు సవరించుకున్నాడు. "సరి సరి. ఫస్టు ఎవరో అందరికీ తెలిసిందే. నా ఫస్టును నేను ఆయమ్మకు విడిచిస్తుండా."

"నీ ఫస్టు యాడది? విడిచిచ్చింది నేను!" అన్నాడు అశోక్‌కుమార్.

"నేను మనసులో ముందే విడిచేసినా!" అని కరుప్పయ్య లేచాడు.

ఇక చూడండి, ఎవరి ఔదార్యం ముందు అన్నదానిమీద ఎనిమిది మందీ వేళ్ళు చూపించుకుంటూ అరవసాగారు. తేన్మొళి క్షణం ఆలస్యం చెయ్యలేదు. తట్టలు అందుకుని, వేలు చూపించని చేయి ఎటుంటే అటు ఒకటి పెట్టుకుంటూ పోయింది. అరుస్తూనే అందరూ పట్టుకున్నారు. చివరివాడు తన చేతిలో ఏముందో చూసుకునేలోపు శక్తివేల్ తలుపువైపు చూసి కేక పెట్టాడు, నాదస్వరం అందుకుంది. నిశ్చితార్థం అయిపోయింది.

ఆ గోల మధ్యలో అఖిలాండం అవ్వ ఒక ఆకు తీసి, సున్నం రాసి, నిదానంగా నమిలింది. తేన్మొళిని దగ్గరికి పిలిచి చెవిలో అడిగింది. "ఇంతదానికా అమ్మా, వీళ్ళు ఇన్నేండ్లు కొట్లాడుకొనింది?"

అలా అన్నదే గానీ, ఇల్లు చేరేదాకా ఆ తట్టను మాత్రం ఎవరి చేతికీ ఇవ్వలేదు.