రెండు కుర్చీల నడుమ మొగ్గ

బుడగలు.

తొట్టెలో ముంచిన చిన్న కుండీలోంచి ఒకటి, రెండు, అయిదారు... పైకి వచ్చి చిట్లే బుడగలు.

అవి ఆగేదాకా మా ఆవిడ ఊపిరి కూడా నెమ్మదిగా తీస్తుంది. బుడగ ఆగితే మట్టి కడుపు నిండినట్టు.

నా కడుపు సంగతి నేనే చెప్పుకోవాలి.

అజేలియా పూలచెట్టు బోన్సాయ్ — కుండీలో పొట్టిగా పెంచే రకం. ఆరేళ్ల వయసు, జానెడు ఎత్తు. వచ్చిన ప్రతి మొగ్గనీ మా ఆవిడ గిల్లేసేది — ముందు మాను బలపడాలని. ఈ ఏడు ఒక్కటి ఉంచింది.

ఒకే ఒక్కటి.

మొగ్గకున్న మర్యాద మొగుడికి లేదు.

ఆ మొగ్గ ఉన్న కొమ్మకి రాగితీగ చుట్టి, తన వైపు వంచుకుంది. కిటికీకి అటు తన కుర్చీ, ఇటు నా కుర్చీ. మధ్యన జానెడు సవతి. నాకు వీపు చూపించే సవతి.

నేను గడియారాలు బాగుచేస్తాను. ఊరందరి టైమూ సరిచేస్తాను — మా ఇంట్లో నా టైమే బాగాలేదు.

నాలుగు రోజులు వాళ్ల అక్క దగ్గరికి వెళ్తూ, గుమ్మంలో ఆగింది.

"ఏవండీ, బుడగలు ఆగేదాకా ముంచండి. తీగ జోలికి మాత్రం వెళ్లకండి. వచ్చాక నేనే కత్తిరిస్తాను."

"మరి నా సంగతి?"

"మీకేం. మీరు కుండీలో లేరుగా."

మొదటి రోజు ముంచాను. రెండో రోజూ ముంచాను.

మూడో రోజు కంటికి భూతద్దం బిగించుకుని చూశాను. మొగ్గ కొసన వెంట్రుకంత గులాబీ గీత... అటే చూస్తోంది. ఖాళీ కుర్చీ వైపు.

నేనిక్కడ ఉండగా.

తీగ కత్తిరించాలట. నా పనిలో చుట్టని ఎవరూ కత్తిరించరు. విప్పుతారు. స్ప్రింగు విప్పినట్టే విప్పాను — పట్టకారుతో, చుట్టు వెనక చుట్టు...

చిట్.

ఆఖరి చుట్టుకి బెరడు చీలింది. కొమ్మ ఎగిరి నా వైపు తిరిగింది. మొగ్గ ఊగింది. ఊగి... ఊగి... ఆగింది.

గెలిచాను.

బెరడు చీల్చాను. ముప్పై ఏళ్లలో ఒక్క సెకన్ల ముల్లు కూడా విరవని చేతులతో.

తడిపిన దారంతో చీలిక కట్టాను. ముడి మీద నాచు అద్దాను. రాలిపోకే తల్లీ, అన్నాను. సవతిని తల్లీ అన్నాను... ఆవిడ దానితో మాట్లాడే గొంతుతోనే.

నాలుగో రోజు వచ్చింది. భుజాన సంచి దించకుండానే కిటికీ దగ్గరికి నడిచింది. నాచు వేలితో జరిపింది. దారం చూసింది. ముడి చూసింది. అంత చిన్న ముడి ఈ ఇంట్లో ఎవరు వేస్తారో ఆవిడకి తెలుసు.

నా వంక చూడలేదు.

"విప్పారా?"

"ఊఁ."

"నిలుస్తుందా?"

ఆరేళ్లలో ఆ చెట్టు గురించి నన్ను అడిగిన మొదటి మాట. తెలీదన్నాను.

తన కుర్చీ ఎత్తి తెచ్చి నా కుర్చీ పక్కన వేసుకుంది. భుజానికి భుజం తగిలింది. ఎన్నాళ్లయిందో...

నా కోసమా? మొగ్గ ఇటు తిరిగిందనా?

ఆవిడ తొట్టె ముందుకి జరిపి, కుండీ ముంచింది.

బుడగలు.

ఒకటి, రెండు... అవి ఆగేదాకా ఇద్దరం ఊపిరి నెమ్మదిగా —