గొంతులో పురుగు

ఓబులప్ప మనవడు మెదడుజ్వరం వచ్చి, ప్రొద్దుటూరు ఆసుపత్రిలో చావు తప్పించుకున్నాడు. అది అవతలి పార్టీ తిమ్మన్న చేయించిన చేతబడేనని ఓబులప్ప మనుషులు కత్తులు నూరుతాండారు.

నర్సు దీవెనమ్మకు ఒళ్లు మండింది. పిల్లలకు మంచిదని ఒప్పించి, రెండు పార్టీల్లోనూ ఏ జబ్బూ లేని నలభైమంది గొంతుల్లో దూదిపుల్ల తిప్పి పరీక్షకు పంపింది. రిపోర్టు రాగానే, తన పేటవాళ్లెవరూ ఎక్కని ఓబులప్ప అరుగెక్కి నిలబడింది.

“ఈ మెదడుజ్వరం పురుగు శానామంది గొంతుల్లో ఊరికే పడుంటాదప్పా. దాంట్లోనూ మన మాదిరే రకరకాల వంశాలు. పిల్లోన్ని పడేసిన వంశం ఇద్దరి గొంతుల్లోనే దొరికింది. ఒకటి తిమ్మన్నది.”

“నేను చెప్పలే!” ఓబులప్ప ఎగిరి లేచినాడు.

“రెండోది నీది.”

“ఇరవై ఏండ్లుగా వాని గడప తొక్కలేదే!”

“ప్రతి వాయిదాకూ జమ్మలమడుగు కోర్టు వరండాలో మొగంమీద మొగం పెట్టి తిట్టుకుంటారు గదా, ఆ తుంపర్లు చాలు. ఎవురిది ఎవురికి అంటిందో దేవునికెరుక. పిల్లోనికి ముద్దులు పెట్టింది మాత్రం నువ్వే.”

కత్తులోళ్లు తలలు దించుకున్నారు.

“ఇద్దరూ మాత్ర మింగితేనే ఇది పోతాది. తిమ్మన్న నా ముందరే మింగినాడు. ఊఁ, నోరు తెరువు.”

ఇన్నేండ్లు ఊరందరి నోళ్లూ మూయించిన ఓబులప్ప నోరు తెరిచినాడు.